దమ్ము – ఒక నింద కథ

సిరిసిల్లలో ఉబ్బసాన్ని దమ్ము అంటారు. మా నాయనమ్మకు అది ఉండేది. ఇంటి వెనుక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు (మరమగ్గాలను అక్కడ అలాగే పిలుస్తారు) పగలూ రాత్రీ నడిచేవి. నూలు నుసి వంటింటి గిన్నెల మీద కూడా పేరుకునేది. అయినా ఆమెకు దమ్ము లేచినప్పుడల్లా అందరూ చూసేది నుసి వైపు కాదు, మా అమ్మ వైపు. కోడలు ఎదురు చెప్పింది కనుక అత్తకు దమ్ము లేచిందనేవారు. మరికొందరు అది ముసలామె వేషమనేవారు. ఒక్క వ్యాధి ఇద్దరు స్త్రీలను ముద్దాయిలను చేసింది.

ఈ అభియోగం మా వాడలో పుట్టినది కాదు. పన్నెండవ శతాబ్దపు చివర కైరోలో మైమోనిడీస్ ఉబ్బసంపై అరబ్బీలో గ్రంథం వ్రాస్తూ మనోవ్యథకూ శ్వాసకూ గల సంబంధాన్ని ప్రస్తావించాడు. ఆయన నింద మోపలేదు. 1886లో బాల్టిమోరు వైద్యుడు జాన్ మెకంజీ గులాబీ పడని రోగికి కృత్రిమ గులాబీని చూపగా లక్షణాలు బయటపడ్డాయి. ఇరవయ్యవ శతాబ్దపు నడుమ షికాగోలో ఫ్రాంజ్ అలెగ్జాండర్ ఉబ్బసాన్ని తల్లి కోసం అణచుకున్న ఏడుపుగా వ్యాఖ్యానించాడు. నేరం తల్లి మీద పడింది. డెన్వర్‌లో మొండి ఉబ్బసం గల పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి ఆశ్రమంలో ఉంచి చికిత్స చేశారు. అక్కడ చాలామంది కోలుకున్నారు. కానీ ఇల్లు మారితే ఇంటి దుమ్ము కూడా మారుతుంది కదా! దేని వల్ల కోలుకున్నట్టు?

ఈ చిక్కు విప్పినవాడు పర్సెల్. 1969లో ప్రకటించిన ఆయన ప్రయోగం నాకెంతో ఇష్టం. పిల్లలను ఇంట్లోనే ఉంచి, కుటుంబాన్ని రెండు వారాలు బయటకు పంపాడు. అదే ఇల్లు, అదే దుమ్ము. పాతికమంది పిల్లలలో, ఉద్వేగాల వల్ల దమ్ము లేస్తుందని ముందుగా గుర్తించిన వారికి ఉపశమనం కలిగింది. మిగిలినవారికి చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అంతకు ముందు ఏడాదే లుపారెల్లో నలభైమంది రోగులకు ఉప్పునీటి ఆవిరినిచ్చి, అది మీకు పడని పదార్థమని నమ్మించాడు. పందొమ్మిదిమందికి శ్వాసనాళాలు నిజంగానే బిగుసుకున్నాయి. వారిది వేషం కాదు, కొలత పరికరం సాక్షి.

నేటి వైద్యం చెప్పేది ఇదే: వాపు ముందే నాళాలలో ఉంటుంది, దుఃఖం, కోపం, ఒక్కొక్కప్పుడు నవ్వు కూడా దానిని రేపుతాయి. రేపినది వేరు, కలిగించినది వేరు.

ఇది చదివాక మా ఇంటి రాత్రులను మళ్ళీ లెక్క వేసుకున్నాను. నాయనమ్మకు దమ్ము లేచినవన్నీ కోడలితో మాట పడిన రాత్రులు కావు. బాకీవాడు గుమ్మంలో కూర్చున్న రాత్రులున్నాయి. బాబాయి భివండికి బస్సెక్కిన రాత్రి ఉన్నది. పక్క వీధి నేతగాడు అప్పులకు తాళలేక ఉరివేసుకున్న రాత్రి ఉన్నది. ఆ రాత్రులలో ఎవరూ ఎవరినీ నిందించలేదు. నిందించడానికి ఇంట్లో మనిషి దొరకలేదు మరి.

పట్నం నుండి తెచ్చిన ఇన్‌హేలరును నాయనమ్మ ఎక్కడో పెట్టి మరచిపోయేది. అందుకని మా అమ్మ దానిని బొడ్డున దోపుకొని తిరిగేది. జగడమాడుతూ ఉండగానే తీసి అత్త చేతికిచ్చేది.