వేపపుల్ల పొద్దున్నే, చిరుతిండి సాయంత్రం

పిల్లల పళ్లు పుచ్చిపోతున్నాయన్న మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లు వేపపుల్లను తలుచుకుంటారు. వేపపుల్లతోనో కచ్చికతోనో ఉప్పూ బొగ్గుపొడితోనో తోముకున్న తాతలు ముసలితనంలో కూడా చెరుకు నమిలారనీ, బ్రష్షులొచ్చాకే పళ్లు పాడయ్యాయనీ అంటారు. ఇందులో సగమే నిజం. ఆ కాలపు పిల్లల పళ్లను కాపాడింది పొద్దున్నే తోముకోవడం ఒక్కటే కాదు. తీపి అరుదుగా దొరకడం, అన్నం తిన్నాక నోరు పుక్కిలించడం అంతకన్నా ఎక్కువ కాపాడాయని నా నమ్మకం. ఈ రెండూ సడలిపోయాయి. పొద్దుటి తోముడు మాత్రం అలాగే ఉంది.

మన పాత వైద్యులు ఈ విషయంలో ఎంతో జాగ్రత్తగా ఆలోచించారు. పంటిపుల్ల పన్నెండు అంగుళాల (అంటే వేలి వెడల్పుల) పొడవు, చిటికెనవేలి లావు ఉండాలని సుశ్రుతసంహిత చెబుతుంది. చేదు చెట్లలో వేపను, వగరు చెట్లలో చండ్రను, కారపు చెట్లలో కానుగను మేలైనవిగా ఎంచుతుంది. చరకుడు రోజుకు రెండు పూటలు తోముకోమన్నాడు. ఆ రెండో పూట ఏదో వాగ్భటుడి అష్టాంగహృదయం విప్పి చెప్పింది: ఉదయం ఒకసారి, భోజనం చేశాక ఒకసారి. ఇంత స్పష్టంగా చెప్పిన రెండో పూట మన ఇళ్లలో నిలవలేదు. నిలిచింది ధర్మశాస్త్రాలు విధించిన ప్రాతఃకాల దంతధావనం. అది స్నానానికీ సంధ్యకూ ముందు జరగాల్సిన శుద్ధి. అమావాస్య వంటి తిథుల్లో పుల్ల వాడకూడదు, దానికి బదులు పన్నెండుసార్లు నీళ్లు పుక్కిలించాలి అన్న నియమం అలా పుట్టిందే. పాచినోటితో ఏదీ ముట్టకూడదన్న పట్టుదల అంతా తినబోయే నోటి గురించి. తిన్న నోటి సంగతి వైద్యగ్రంథాల్లోనే ఉండిపోయింది.

అయితే దాన్ని మరో దారిలో చూసుకున్నది ఎంగిలి పట్టింపు. విస్తరి ముందునుంచి లేచిన మనిషి చెయ్యి కడిగి, నోరు పుక్కిలించాకే మరో పని ముట్టుకోవాలి. పళ్ల కోసం పెట్టిన నియమం కాకపోయినా పళ్లకు మేలు చేసింది. కానీ ఆ పట్టింపు ముఖ్యంగా వండిన అన్నానిది. పిల్లవాడు జేబులో వేసుకుని తిరిగే బెల్లంముక్కకూ, మరమరాల ఉండకూ, పల్లీపట్టీకీ, తిరనాళ్లలో కొన్న జీళ్లకూ అంత అంటు లేదు. అవి తిని ఎవరూ నోరు కడుక్కోలేదు. పళ్ల సందుల్లో గట్టిగా అతుక్కునేవి మాత్రం సరిగ్గా అవే.

అయినా ముప్పు పెద్దది కాకపోవడానికి కారణం అవి రోజూ దొరకకపోవడం. సంక్రాంతికి అరిసెలు, జాతరకు జీళ్లు, మధ్యలో ఎప్పుడైనా ఒక ఉండ. పొట్లం కట్టిన బిళ్లలు ఊరూరి కొట్లలోకి వచ్చాక ఈ లెక్క మారింది. 1952లో మన చిత్తూరులోనే న్యూట్రిన్ కంపెనీ మొదలైంది. చిల్లర నాణేనికి చాక్లెట్ దొరికే రోజులు రావడంతో తీపి పండుగ నుంచి బడి దారికి దిగింది.

తీపి ఎప్పుడు తింటామన్నది ఎందుకంత ముఖ్యమో తేల్చిన పరిశోధన స్వీడన్‌లో జరిగింది. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మార్చి పన్నును కరిగిస్తాయని దంతవైద్యుడు మిల్లర్ అంతకుముందే, 1890లోనే రాశాడు. లుండ్ దగ్గరి వీపెహోల్మ్ ఆసుపత్రిలో 1940ల్లో, బుద్ధిమాంద్యం ఉన్నవారికి ప్రత్యేకంగా చేయించిన జిగురు టాఫీలు తినిపించారు. ఒక బృందానికి రోజుకు 24. భోజనంతో పాటు తిన్న చక్కెర పళ్లను పెద్దగా పాడుచేయలేదు, భోజనాల మధ్య తిన్న జిగురు తీపి మాత్రం విపరీతంగా పుచ్చబెట్టింది. 1954లో ఫలితాలు వెలువడ్డాయి. ఆ రోగుల అనుమతి ఎవరూ అడగలేదు. నోరులేని మనుషుల పళ్లు పాడుచేసి సంపాదించిన జ్ఞానమిది. దాన్ని వాడుకునే ప్రతివారూ ఆ అన్యాయాన్ని కూడా గుర్తుంచుకోవాలి. తర్వాత స్వీడన్‌లో పిల్లలకు తీపి శనివారం మాత్రమే పెట్టే అలవాటు పాతుకుంది. మన పండుగలు ఎవరూ తలపెట్టకుండానే చేసిన పని దాదాపు అదే.

వేపను తక్కువ చేస్తున్నానని కొందరికి అనిపించవచ్చు. సూక్ష్మజీవులను అణిచే గుణం వేపకు ఉంది, నమిలిన పుల్ల పాచినీ గీకుతుంది. కానీ ఉదయం ఆరుకు నమిలిన పుల్ల సాయంత్రం నాలుగుకు తిన్న టాఫీని ఏం చేయగలదు? మరి పుక్కిలిస్తే దవడపళ్ల గాళ్లలో ఇరుక్కున్న పాకం వదులుతుందా అంటే, పూర్తిగా వదలదు. నీళ్లు చక్కెరను పలచబరుస్తాయి, ఆమ్లాన్ని కొంత కడుగుతాయి. మిగిలినదానికి రాత్రి పడుకునే ముందు బ్రష్ కావాల్సిందే. అంటే దాదాపు వాగ్భటుడి రెండో పూటే.

పాలపళ్లు ఎలాగూ ఊడతాయి కదా అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం, నష్టం చేసేదీ అదే. దాదాపు ఆరేళ్లకు పాలపళ్ల వెనక కొత్త దవడపన్ను ఒకటి వస్తుంది. దానికి చోటివ్వడానికి ఏ పన్నూ ఊడదు కాబట్టి తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. నిజానికి అది శాశ్వతపన్ను, పైగా లోతైన గాళ్లున్నది. ఒకటో తరగతి పిల్లవాడు బడి నుంచి వస్తూ నమిలే పల్లీపట్టీ ముందుగా ఇరుక్కునేది ఆ పంటిలోనే.