కుమాయూన్ సరస్సులు: విహారమూ, చరిత్రా

వేసవి సమీపించగానే ఉత్తర భారతదేశపు మైదానాలలోని గృహస్థులు చల్లని తావుల నెంచుకొనుటకు ఆలోచనలు సాగిస్తారు. ఏ మాసమున బయలుదేరవలెను, ఏ దారిని పోవలెను, ఎక్కడ బస చేయవలెను, పడవ షికారుకు ఏ సరస్సు మంచిది అన్న ప్రశ్నలు బయలుదేరుతవి. హిమాలయ పాదములలోని కుమాయూన్ సీమను కోరుకొన్నవారికి ఈ ప్రశ్నలన్నింటికీ సులువుగానే సమాధానము దొరకుతుంది. కాఠ్‌గోదాము వరకు రైలు కలదు. అది 1884లో వచ్చినది. అక్కడనుండి కొండదారిని సుమారు 35 కిలోమీటర్లు పోతే నైనీతాల్. ఆ చుట్టుపట్లనే భీమ్‌తాల్, సాత్‌తాల్, తొమ్మిది మూలలు గలదని పేరు పొందిన నౌకుచియాతాల్ ఉన్నవి. మార్చి మొదలు జూన్ వరకును, వానలు వెనుదిరిగిన పిమ్మట అక్టోబరు, నవంబరు మాసములును ప్రయాణానికి అనువైనవి. వానకాలమున కొండచరియలు జారుతవి కనుక ఆ రోజులలో పోకుండుట మేలు.

ఐతే నైనీతాల్ సరస్సును గూర్చి ఆంగ్లభాషలో మొట్టమొదట యాత్రికులకు సలహా వ్రాసినవాడు ఇవేవీ చెప్పలేదు. అతడు చెప్పినది వేరు. కొండవాడు దారి చూపనని మొండికేసిన పక్షమున, వాని నెత్తిమీద ఒక పెద్ద బండరాతిని ఎక్కించి, నైనీతాల్‌లో రాళ్ళు లేవు గనుక దీనిని అక్కడిదాకా మోయవలసినదే అని చెప్పవలెనట. కొంతదూరము మోసిన మీదట వాడే దారి చూపగలడట.

ఈ సలహా వ్రాసినవాడు బారన్ అనే ఆంగ్లేయుడు. షాజహాన్‌పూరులో చక్కెర వ్యాపారము చేసేవాడు. పర్వతాలలో తిరుగుట అతనికి వ్యసనము. ‘యాత్రికుడు’ అన్న అర్థమిచ్చే ఆంగ్ల పదమును కలము పేరుగా పెట్టుకొన్నాడు. అతడు ఈ సరస్సును చూచి వచ్చిన వార్త 1841లో కలకత్తాలోని ఒక ఆంగ్ల పత్రికలో వెలువడినది. నైనీతాల్ ‘కనుగొనబడినది’ అని నాటి తెల్లవారు అనుకొన్నారు.

నిజానికి అది ఎవరూ ఎరుగని చోటు కాదు. స్కాంద పురాణములోనిదని చెప్పే మానసఖండము దానిని త్రిఋషి సరోవరమని పేర్కొంటుంది. అత్రి, పులస్త్య, పులహ మహర్షులు దాహార్తులై అక్కడ గుంట త్రవ్వి మానస సరోవర జలమును రప్పించినారని ఐతిహ్యము. సతీదేవి నేత్రము పడిన తావు గనుక నైనాదేవి ఆలయము వెలసినదని మరొక కథ. చుట్టుపక్కల పల్లెలవారికి అది పుణ్యక్షేత్రము. గూర్ఖాలతో యుద్ధము చేసి 1815లో ఆంగ్లేయులు కుమాయూన్‌ను గెలుచుకొన్నారు. ఆ తరువాత పాతికేళ్ళ వరకూ ఆ ఒడ్డున తెల్లవారి ఇల్లు లేచియుండలేదు. దారి అడిగితే తెలియదనుట పల్లెవారి అజ్ఞానము కాదు. అది వారు తమ సరస్సుకు కట్టుకొన్న కావలి. బారన్ రాతిబరువుతో ఛేదింపదలచినది ఆ కావలినే.

మరుసటి పర్యాయము అతడు ఒక పడవను వెంట తెచ్చినాడు. కొండదారులవెంట మోయించుకొని వచ్చిన పడవ అది. ఆ భూమిపై హక్కు తనదని నర్‌సింగ్ అనే స్థానిక పెద్ద వాదిస్తూ ఉండేవాడు. అతనికి థోక్‌దార్ అనే బిరుదు కలదు. షికారు నెపమున బారన్ అతనిని పడవ ఎక్కించుకొని సరస్సు నట్టనడుమకు తీసికొనిపోయినాడు. అక్కడ ఒక కాగితము చూపి, హక్కు వదలుకొన్నట్లు సంతకము చేయుమనీ, లేనిచో నీటిపాలు కావలసినదేననీ బెదిరించినాడు. చుట్టూ లోతైన నీరు, ఒడ్డు దూరము. నర్‌సింగ్ సంతకము చేసినాడు. పిమ్మట అతనికి పట్వారీ ఉద్యోగము దొరకినది. ఈ వృత్తాంతమును వెల్లడించినది బారన్‌కు గిట్టనివారెవరో కాదు. అతడే దీనిని వినోదముగా చెప్పుకొన్నాడు.

ఆ తరువాతి చరిత్ర వేగముగా నడచినది. 1845 నాటికే పురపాలక సంఘము ఏర్పడినది. 1862 నుండి వాయవ్య రాష్ట్రాల ప్రభుత్వానికి వేసవి రాజధాని అయినది. కొండవాలులను చదునుచేసి బంగళాలు కట్టినారు, చెట్లు నరికినారు, వాననీటికి తగిన కాలువలు మాత్రము త్రవ్వలేదు. 1880 సెప్టెంబరులో ఎడతెగని వర్షము కురిసినది. ఆ నెల 18వ తేదీన షేర్ కా డాండా కొండచరియ విరిగి క్రిందికి వచ్చినది. ఒక పెద్ద హోటలూ, నైనాదేవి ఆలయమూ మట్టిలో కలిసిపోయినవి. మృతులు 151 మంది. వారిలో 108 మంది భారతీయులు. సరస్సు కొసన మేటవేసిన ఆ మట్టి మీదనే నేటి ఆటస్థలము చాలవరకు విస్తరించినది. అప్పటికిగాని కొండ చుట్టూ నాలాలు కట్టవలెనన్న బుద్ధి పుట్టలేదు. ఆనాడు కట్టిన నాలాలే నేటికీ ఆ పట్టణమునకు ప్రాణరక్షణ.

నౌకావిహారము క్రమముగా ఒక సంప్రదాయమైనది. 1910లో తెరచాప పడవల క్లబ్బు వెలసినది. లింటన్ హోప్ అనే ఆంగ్లేయ శిల్పి రూపొందించిన చిన్న తెరచాప పడవలు సుమారు 1,940 మీటర్ల ఎత్తునగల ఈ నీటిపై పందెములు వేసినవి. చుట్టూ కొండలు ముసిరియున్నందున గాలి ఒక దిక్కున నిలువదు. నేర్పరియైన నావికునికే ఇక్కడ తెరచాప లొంగుతుంది. ఈ విద్యకు అందము లేదనరాదు. అయితే ఆ పడవలూ, బంగళాల కిటికీ అద్దాలూ, దొరల పెట్టెలూ ఎవరి భుజాలపై కొండ ఎక్కినవో కూడ స్మరింపవలెను.

కుమాయూన్‌లో దానిని కూలీ బేగార్ అనేవారు. ఏ అధికారి సంచారమునకు వచ్చినా, ఏయే ఇంటినుండి ఎందరు మోతకు రావలెనో గ్రామ పెద్దల వద్ద పట్టీ ఉండేది. వంతు వచ్చినవాడు పొలములో విత్తనము చల్లుతున్నా సరే, వదలి రావలసినదే. నిజాము రాజ్యములోని తెలంగాణ పల్లెలలో వెట్టి అంటే ఏమిటో ఎరిగిన తెలుగువారికి దీనిని విడమరచి చెప్ప నక్కరలేదు. బారన్ ఎక్కించిన బండరాయి ఒకనాటి పరిహాసము కాదు. ఒక పద్ధతికి అది గుర్తు.

ఆ పద్ధతి అంతరించినది కూడ నీటి ఒడ్డుననే. సరయూ, గోమతీ నదులు కలిసేచోట బాగేశ్వర్ అనే ఊరున్నది. అక్కడ మకర సంక్రాంతికి ఉత్తరాయణీ తిరునాళ్ళు జరుగుతవి. 1921 జనవరిలో ఆ తిరునాళ్ళకు వచ్చిన వేలాది పల్లెవాసులు ‘శక్తి’ పత్రికా సంపాదకుడైన బదరీదత్త పాండే ప్రభృతుల నాయకత్వమున, ఇకపై వెట్టి చేయమని సరయూ జలము సాక్షిగా ప్రమాణము చేసినారు. గ్రామ పెద్దలు తాము తెచ్చిన కూలీ పట్టీలను నదిలో విసరివేసినారు. పిమ్మట ప్రభుత్వము ఆ పద్ధతిని ఎత్తివేయక తప్పలేదు. ఎనుబది ఏండ్ల క్రిందట ఒక కొండవాని చేత నీటి నడుమ బలవంతముగా వ్రాయించుకొన్న కాగితము ఒకటి. కొండప్రజలు తమంత తాముగా నీటిపాలు చేసిన కాగితాలు ఇవి.

కనుక కుమాయూన్ సరస్సులకు పోదలచినవారు తమ ప్రయాణక్రమములో రెండు మూడు దినములు అధికముగా చేర్చుకొనుట మంచిది. భీమ్‌తాల్ ఒడ్డున చంద్ వంశీయుడైన బాజ్ బహదూర్ 17వ శతాబ్దిలో కట్టించిన భీమేశ్వరాలయమునూ, దానిచెంత 1883లో కట్టిన ఆనకట్టనూ చూడవచ్చును. అల్మోరా మీదుగా బాగేశ్వర్ పోయి సంగమ ఘట్టమున కొంతసేపు కూర్చుండవచ్చును. నైనీతాల్‌లో 2016, 2017 వేసవులలో నీరు మిక్కిలి తగ్గి గట్లవెంట అడుగు బయటపడినది. ఎగువనున్న సూఖాతాల్ వానకాలమున నిండి భూగర్భము ద్వారా ఈ సరస్సుకు నీరందిస్తుంది గనుక, దానినీ ఒకమారు చూచిరావలెను. ఆ గుంట పూడితే ఈ సరస్సుకు చేటు.

ఇంత చూచిన తరువాత పడవ ఎక్కినవానికి విహారానందము తగ్గదు. నడిసరస్సుకు చేరినప్పుడు మాత్రము తెడ్డువేసే మనిషిని ఒక్కమాట పలుకరించి, అతని ఊరేదో, ఈ నీటిని గూర్చి అతని పెద్దలు ఏమి చెప్పేవారో అడుగవలెను. బారన్ అడిగినది దారి. ఈ ప్రశ్న అతడు అడుగలేదు.