ఎవరీ గాజుల లక్ష్మీనరసు శెట్టి? రైతుల గోడు లండన్ దాకా వినిపించిన తెలుగు వ్యాపారి!

శిస్తు కట్టలేదని రైతు చేతివేళ్లను చెక్కల మధ్య పెట్టి నొక్కేవారు. నడుం వంచి తాళ్లతో కట్టి ఎండలో ఉంచేవారు. ఇదేదో సినిమా సీన్ కాదు. ఈస్టిండియా కంపెనీ హయాంలో మద్రాసు ప్రెసిడెన్సీలో నిజంగా జరిగిన దారుణం. మన నెల్లూరు జిల్లా కూడా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనే ఉండేది. దీనిపై గట్టిగా గొంతెత్తిన వ్యాపారే గాజుల లక్ష్మీనరసు శెట్టి.

వ్యాపారం నుంచి పత్రిక దాకా..

ఆయన 1806లో మద్రాసులో పుట్టారు. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు, బట్టల వ్యాపారి. నెల్లూరు, కడప ప్రాంతాల్లో అప్పట్లో నీలిమందు పంట బాగా ఉండేది. తండ్రి బాటలోనే వ్యాపారంలోకి దిగిన లక్ష్మీనరసు బాగా సంపాదించారు. ఆ డబ్బుతోనే 1844లో 'క్రెసెంట్' అనే ఇంగ్లిష్ పత్రిక పెట్టారు. జనం కష్టాలు దొరలకు అర్థం కావాలంటే వాళ్ల భాషలోనే చెప్పాలి కదా!

పార్లమెంటుకు అర్జీ

1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించారు. అంటే కాంగ్రెస్ పుట్టడానికి 33 ఏళ్ల ముందే అన్నమాట. అధిక పన్నులు, కోర్టుల్లో ఆలస్యం లాంటి సమస్యలపై ఈ సంఘం ఏకంగా బ్రిటిష్ పార్లమెంటుకే అర్జీ పంపింది. 1853లో డాన్బీ సేమూర్ అనే ఎంపీ మద్రాసు వచ్చారు. లక్ష్మీనరసు ఆయన్ని వెంటబెట్టుకుని జిల్లాల్లో తిప్పి, రైతుల బాధలు నేరుగా వినిపించారు.

ఆ తర్వాత ఏమైంది?

1854లో ఈ విషయం పార్లమెంటులో చర్చకు వచ్చింది. దాంతో మద్రాసులో 'టార్చర్ కమిషన్' వేశారు. శిస్తు వసూళ్లలో చిత్రహింసలు నిజమేనని 1855 నివేదికలో కమిషన్ తేల్చింది. అయితే తప్పంతా కింది స్థాయి దేశీయ సిబ్బందిదేనంటూ తెల్ల అధికారులను మాత్రం తప్పించేసింది. అయినా రైతుల గోడు సర్కారు రికార్డుల్లోకి ఎక్కింది.

చివరి రోజులు

1863లో లక్ష్మీనరసు మద్రాసు శాసన మండలి సభ్యుడయ్యారు. ప్రభుత్వం ఆయనకు సీఎస్ఐ బిరుదు కూడా ఇచ్చింది. కానీ పత్రిక, ప్రజా పోరాటాల కోసం ఆస్తి కరిగిపోయింది. 1868లో కన్నుమూసే నాటికి ఆయన దగ్గర పెద్దగా ఏమీ మిగల్లేదు.