ఫలితమును బట్టి పైకము

మొన్నటి సంక్రాంతి సెలవులకు మా మనుమడు ఇంటికి వచ్చినాడు. వాడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువుచున్నాడు. కళాశాల వసతిగృహములోనే వాసము. తెల్లవారుజామున లేచినది మొదలు రాత్రి పండుకొనువరకు గంటగంటకును పని యేర్పాటై యుండును. మూడు దినములు సెలవిచ్చి, అందులకు సరిపడు లెక్కలను గూడ మూటగట్టి పంపినారు. వాడు కాంతిని గూర్చిన పాఠము ముందు పెట్టుకొని కూర్చుండగా నేను ప్రక్కకు చేరి, "ఒరే, ఇంద్రధనుస్సు ఎప్పుడూ సూర్యుడికి ఎదురుదిక్కునే కనిపిస్తుంది, ఎందుకురా?" అని అడిగితిని. వాడు తల యెత్తకయే, "అలాంటి ప్రశ్న పరీక్షలో రాదు తాతయ్యా. సూత్రం వస్తే చాలు" అనెను.

వానిని తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. ఆ మాట వాని నోట వచ్చినదే గాని వానిది కాదు. పరీక్షయే గురిగా నడచు చదువు పిల్లలకు మేలా, కీడా, సంఘమునకు దానివలన లాభమా, నష్టమా అని మనము తరచుగా వాదించుకొనుచుందుము. ఈ ప్రశ్నను ఇంగ్లండు దేశము ఒకపర్యాయము తన బీదల బిడ్డలపై పరీక్షించి చూచినది. మన వీధిబడులపై గూడ ఆ పరీక్ష జరిగినది. ఆ కథను నేడు మీకు మనవిచేసెదను.

1833 మొదలు బ్రిటిషు ప్రభుత్వము బీదపిల్లల పాఠశాలలకు ధనసహాయము చేయుచు వచ్చినది. ఏటేట ఆ వ్యయము పెరుగసాగెను. 1858లో నియమితమైన ఒక విచారణసంఘము 1861లో తన నివేదికను సమర్పించినది. ఉపాధ్యాయులు పై తరగతులలోని తెలివిగల కొలదిమందిని చూచుకొని మురియుచున్నారనియు, క్రింది తరగతుల పిల్లలు చదువను వ్రాయను సరిగా నేర్వకయే బడి విడిచి పోవుచున్నారనియు ఆ సంఘమువారు తేల్చిరి. అప్పుడు విద్యాశాఖను నడపుచుండిన రాబర్ట్ లో అను మంత్రి ఒక ఉపాయము పన్నెను. ప్రజల సొమ్ము ఇచ్చుచున్నాము గనుక సరకు చూచి వెల యిత్తము అన్నది ఆయన తర్కము. 1862లో ఆ నిబంధనలు అమలులోనికి వచ్చినవి.

ఆ నిబంధనల పోకడ యిట్టిది. ఆరేండ్లు దాటిన పిల్లలను ఆరు తరగతులుగా విభజించిరి. హాజరుకు తలకు 4 షిల్లింగులు, పరీక్షకు 8 షిల్లింగులు. ఏడాదికొకమారు పరీక్షాధికారి వచ్చి ఒక్కొక్క బాలుని చదువు, వ్రాత, లెక్కలు అను మూడింటియందు పరీక్షించును. ఒక విషయమున తప్పినచో 2 షిల్లింగుల 8 పెన్సులు కోత. మూడింటను తప్పిన బాలుని పేర పరీక్షపైకము సున్న. పెక్కు బడులలో ఉపాధ్యాయుని జీతమునకును ఈ పైకమునకును ముడిపెట్టిరి. కాబట్టి బెంచీపై కూర్చున్న ప్రతి పసివాడును ఉపాధ్యాయుని కంటికి ఇన్ని షిల్లింగులు, ఇన్ని పెన్సులుగా కనబడసాగెను.

న్యాయముగా చెప్పవలెనన్న ఈ పద్ధతిలో గుణమును కలదు. మందబుద్ధియని మూలకు నెట్టిన పిల్లవానివంక ఉపాధ్యాయుడు తిరిగి చూడవలసివచ్చినది. హాజరుపట్టీ మీద శ్రద్ధ పెరిగినది. సోమరిపోతునకు భయము కలిగినది. ఖజానాకు ఆదాయేనందురా, అదియు కలిగినది. 1862లో ఎనిమిది లక్షల పౌనులకు మించియుండిన సహాయద్రవ్యము 1865 నాటికి ఆరున్నర లక్షలకు లోబడినది.

ఇక రెండవ ప్రక్క చూతము. చరిత్రకు, భూగోళమునకు పైకము లేదు గనుక అవి పెక్కు బడులలో మూలబడినవి. ఏడాది పొడుగున ఒకటే వాచకము. పరీక్షాధికారి అందులోనుండియే చదివించును గనుక పిల్లలు దానిని మొదటినుండి చివరవరకు కంఠస్థము చేసిరి. పుస్తకమును తలక్రిందులుగా పట్టుకొన్నను తడబడక చదువువారుండిరని ఆనాటి పరిహాసము. జ్వరముతో నున్న పిల్లలను గూడ శాలువలు చుట్టి పరీక్షదినమున బడికి తెచ్చినట్లు వ్రాసిన వారున్నారు. ఉపాధ్యాయుడు కఠినాత్ముడై తెచ్చినాడని అనుకొనరాదు. ఆతనికిని ఆలుబిడ్డలుండిరి.

మాథ్యూ ఆర్నాల్డను సుప్రసిద్ధ కవి 1851 మొదలు 1886 వరకు ముప్పదియైదేండ్లు పాఠశాలల పరీక్షాధికారిగా నుండెను. ఈ నిబంధనలను ఆయన ఆదిలోనే ఎదిరించెను. 1867 నాటి తన నివేదికలో ఆయన వ్రాసిన దాని సారాంశమిది: నేర్పుతో సిద్ధపరచినచో, పిల్లలకు నిజముగా చదువుట, వ్రాయుట, లెక్కించుట రాకున్నను, ఆ మూడింటి పరీక్షలోను గట్టెక్కింపవచ్చును. ఈ వాక్యమును మరల ఒకమారు తలపోయుడు. పరీక్ష దేనిని కొలుచుటకు పుట్టినదో దానినే కొలువలేని దశకు వచ్చినదన్నమాట. ఇట్టి నివేదికలలోని ప్రతికూలాభిప్రాయములను శాఖవారు అచ్చునకు ముందు తొలగించుచున్నారను ఆరోపణపై పార్లమెంటులో వివాదము చెలరేగగా, 1864లో లో తన పదవికి రాజీనామా యిచ్చెను.

ఆ శతాబ్ది ముగియకముందే ఇంగ్లండు ఈ పద్ధతిని వదలుకొన్నది. కాని దాని నీడ వెంటనే తొలగలేదు. ఎడ్మండ్ హోమ్స్ అను ముఖ్యపరీక్షాధికారి ఉద్యోగము విరమించి 1911లో ఒక గ్రంథము ప్రకటించెను. పైకము పోయినను, ఆ కాలమున పెరిగిన ఉపాధ్యాయులకు బాలునిమీద నమ్మకముంచుట చేతకాకున్నదనియు, ఆ పాపములో తనకును భాగము కలదనియు ఆయన అందు ఒప్పుకొన్నాడు.

ఇక మన కథ. మన పూర్వపు వీధిబడులు స్వర్గములని నేను చెప్పను. 1823లో బళ్లారి కలెక్టరుగా నుండిన కాంబెల్ దొర తన జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క వ్రాసెను. ఆ బడులలో పిల్లలే పిల్లలకు నేర్పు పద్ధతిని మెచ్చుకొనెను. కాని అర్థము తెలియని పద్యములను వల్లెవేయింతురని నొచ్చుకొనెను. కనుక వల్లెవేయుట పడమటి సముద్రము దాటి మనకు వచ్చిన వస్తువు కాదు. అయితే ఆనాటి అయ్యవారికి ముట్టునది గ్రామస్థుల నెలజీతము, పండుగకట్నము. పిల్లవాడు ఒక పద్యము తప్పినంతమాత్రమున అయ్యవారి కుండలో బియ్యము తరుగదు.

1870కి లోపుగనే చెన్నరాజధానిలో ఫలితమును బట్టి సహాయమిచ్చు పద్ధతి ప్రవేశించినది. ఇసుకలో అక్షరములు దిద్దించుచుండిన వీధిబడి అయ్యవారు కూడ పరీక్షాధికారి రాకకై కాచుకొని యుండవలసినవాడయ్యెను. వింత యేమన, ఇంగ్లండులో దీని దోషములు నివేదికలకెక్కిన పదునైదేండ్లకు, 1882లో నియమితమైన హంటరు సంఘము ఇదే పద్ధతిని మన ప్రాథమిక విద్యకు సిఫారసు చేసినది. 1904లో కర్జను ప్రభువు నాటి విద్యాతీర్మానము గాని దీనిని విడువుడని చెప్పలేదు. పరీక్షలు మితిమీరి పెరిగి బోధననే తమ చెప్పుచేతలలో నుంచుకొన్నవని ఆ తీర్మానము ఒప్పుకొన్నది.

అట్లు ఆ పద్ధతి పోయినది. నిజముగా పోయినదా? నాకు సందేహము. ఆనాడు ఫలితమునకు వెల యిచ్చినది ప్రభుత్వము. నేడు ఇచ్చుచున్నవారము మనమే. ర్యాంకుల సంఖ్యలు, పిల్లల ఛాయాపటములు పత్రికల మొదటి పుటలకెక్కును. వానిని చూచి తలిదండ్రులు పొలము తాకట్టుపెట్టియైనను రుసుము కట్టుదురు. ర్యాంకు రాగల పిల్లవానికి ఒక తరగతి, రాడని తోచినవానికి వేరొక తరగతి. లో పద్ధతిలో మందబుద్ధికిని తెలివిగలవానికిని వెల సమానము. మన పద్ధతిలో ఆ పాటి న్యాయమును లేదు.

ప్రవేశపరీక్షలు వలదని నేననను. 1986లో మన రాష్ట్రమున ఎంసెట్ పరీక్ష మొదలైన పిమ్మట, సిఫారసు తెచ్చుకొనలేని పల్లెటూరి రైతుబిడ్డలెందరో వైద్యులు, ఇంజనీర్లు అయినారు. నలుగురిలో ఒకరిని ఎన్నుకొనవలసివచ్చినప్పుడు బంధుత్వముకంటె, ధనముకంటె పరీక్ష మేలు. కాని ద్వారమునొద్ద నిలిచి ఎన్నుకొనుట వేరు, పన్నెండేండ్ల చదువును ఆ ద్వారముకొలదికి చెక్కుట వేరు. మొదటిది సంఘమునకు ఉపకారము. రెండవదానివలన సంఘమునకు దక్కునది కొలత తప్పిన కొలబద్ద. పిల్లవానికి దక్కునది అంతకంటె చేదైనది. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాత కొలదిదినములలో ఇరువదిమంది వరకు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. మార్కుల లెక్కలో పొరపాట్లు జరిగినవని విచారణలో తేలినది. కాగితముపై తప్పు దిద్దుకొనవచ్చును. ఒక సంఖ్యయే తన వెలయని పిల్లవానికి నమ్మకము కలిగించిన తప్పు మాత్రము మనయందరిది.

మనుమడు ప్రయాణమగు నాటి ఉదయము పెరటిలో గొట్టముతో మొక్కలకు నీరు చిమ్ముచుండెను. "సూర్యుడివైపు వీపు పెట్టి చిమ్మరా" అంటిని. తుంపరలలో చిన్న ఇంద్రధనుస్సు నిలిచెను. వాడు కొంతసేపు గొట్టమును అటునిటు త్రిప్పి చూచి, "మరి నడిమధ్యాహ్నం ఆకాశంలో ఎందుకు కనిపించదు తాతయ్యా?" అని అడిగెను. నేను జవాబు చెప్పలేదు. వానినే ఆలోచింపుమంటిని. బస్సు ఎక్కువరకు వాడు దానినే తలపోయుచుండెను. ఆ పిల్లవానిలో అడుగుబుద్ధి చావలేదు. దానికి పైకము లేకపోవుటచేత నిద్రించుచున్నది, అంతే. రేపు బడికి పోయినప్పుడు తలిదండ్రులు ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుడు, వలదనను. దానితోబాటు మావాడు ఈ నెలలో ఏమి ప్రశ్న వేసినాడని కూడ అడుగుడు. వెల యిచ్చువారు ఏది కోరుదురో అంగడిలో అదియే దొరకును.