పరాయి వీరుడికి నివాళి

అమెరికా కామిక్ పుస్తకాల్లో సూపర్‌హీరో మరణాలు 1941లోనే మొదలయ్యాయి. ఆ ఏడాది జులైలో ఎంఎల్‌జే అనే సంస్థ ‘పెప్ కామిక్స్’ 17వ సంచికలో కామెట్ అనే వీరుణ్ని చంపింది. సూపర్‌హీరోల్లో మొదట నేలకొరిగింది అతనే అంటారు. పోయినవాడు సొంత వీరుడైతే సంతాపానికి అడ్డు లేదు. 1992 నవంబరు 18న సూపర్‌మ్యాన్ మరణించిన సంచికను డీసీ సంస్థ నల్ల సంచిలో పెట్టి, చేతికి కట్టుకునే నల్ల పట్టీతో సహా అమ్మింది. పక్క సంస్థ వీరుడు పోతే అలా కుదరదు. పేరు, ముసుగు, ఛాతీ మీది గుర్తు అన్నీ అవతలివాళ్ల ఆస్తి. అనుమతి లేకుండా ఆ పేరు అచ్చువేస్తే కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. అందుకే పోటీ సంస్థల నివాళి చాలాకాలం చాటుమాటుగానే సాగింది.

ఈ చరిత్రలో మొదటి పెద్ద ఘట్టంలో పరాయి వీరుణ్ని కనుమరుగు చేసిందీ, తిరిగి నిలబెట్టిందీ ఒకే సంస్థ. 1940లో ఫాసెట్ సంస్థ ‘విజ్ కామిక్స్’లో కెప్టెన్ మార్వెల్‌ను తెచ్చింది. బిల్లీ బాట్సన్ అనే కుర్రాడు ‘షజామ్’ అనగానే పిడుగు పడి మహావీరుడవుతాడు. ఒక దశలో సూపర్‌మ్యాన్‌ కన్నా ఎక్కువగా అమ్ముడుపోయిన ఈ పాత్ర సూపర్‌మ్యాన్‌కు నకలేనంటూ నేటి డీసీకి మాతృక అయిన నేషనల్ సంస్థ 1941లో దావా వేసింది. ఏళ్ల తరబడి పోరాడిన ఫాసెట్ 1953లో రాజీపడి కామిక్స్ ఆపేసింది. కథలో ఏ విలనూ చంపలేని వీరుడు కోర్టు కాగితాలతో మాయమయ్యాడు. 1972లో అదే డీసీ ఫాసెట్ దగ్గర హక్కులు తీసుకుంది. అప్పటికే 1967లో మార్వెల్ సంస్థ కెప్టెన్ మార్వెల్ పేరును సొంతం చేసుకోవడంతో, 1973లో వచ్చిన కొత్త పుస్తకానికి ‘షజామ్!’ అని పేరు పెట్టారు. మొదటి సంచిక అట్ట మీద సూపర్‌మ్యానే తెర పక్కకు లాగి కెప్టెన్ మార్వెల్‌ను పాఠకులకు పరిచయం చేస్తున్నట్టు బొమ్మ ఉంటుంది. ఇరవయ్యేళ్లు ఎక్కడున్నాడన్న ప్రశ్నకు కథలోనే జవాబిచ్చారు: దుష్ట శాస్త్రవేత్త సివానా పన్నాగం వల్ల వీరుడూ అతనివాళ్లూ ఇన్నాళ్లూ కాలం స్తంభించిన స్థితిలో బందీలయ్యారట. దావా ఊసెత్తకుండానే ఆ ఇరవయ్యేళ్ల లోటును డీసీ ఒప్పుకున్నట్టయింది.

1976లో సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ ఒకే పుస్తకంలో కలిశారు. దాంతో డీసీ, మార్వెల్ సంస్థల మధ్య రాకపోకలు పెరిగాయి. అయితే రెండు సంస్థల వీరదళాలను కలపాలని 1983లో తలపెట్టిన పుస్తకం సంపాదకుల తగాదాతో మూలపడింది.

అసలైన నివాళి 1990లో వచ్చింది. దాని కథ 1985లో మొదలవుతుంది. మార్వ్ వుల్ఫ్‌మన్ రాసి జార్జ్ పెరెజ్ బొమ్మలు వేసిన డీసీ ధారావాహిక ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ 7వ సంచికలో సూపర్‌గర్ల్, 8వ సంచికలో ఫ్లాష్ చనిపోయారు. ఫ్లాష్ అసలు పేరు బ్యారీ ఆలెన్. 1956 నుంచి పాఠకులకు తెలిసిన పోలీసు శాస్త్రవేత్త. భూమిని నాశనం చేసే ఫిరంగి చుట్టూ పరుగెత్తి దాన్ని పేల్చేస్తాడు. ఆ వేగానికి అతని దేహమే కరిగిపోతుంది. మిగిలేవి ఎర్రటి ఉడుపు, ఉంగరం మాత్రమే.

అయిదేళ్ల తర్వాత మార్వెల్ ‘క్వేజార్’ 17వ సంచికలో భూమి నుంచి చంద్రుడి దాకా పరుగుపందెం పెట్టారు. మార్వెల్ లోకంలో వేగానికి పేరున్న క్విక్‌సిల్వర్, మక్కరి, స్పీడ్ డీమన్ వంటివాళ్లు బరిలో దిగారు. పందెం నడుస్తుండగా మెరుపు మెరిసినట్టయి బంగారు జుట్టు మనిషి ఒకడు ఊడిపడతాడు. ఒంటి మీద చిరిగిపోయిన ఎర్ర ఉడుపు ఉంటుంది. తానెవరో గుర్తులేదు. అయినా అందరినీ దాటేసి గెలుస్తాడు. పేరు అడిగితే ‘బరీడ్ ఏలియన్’ లాంటిదేదో అంటాడు. లోకంలో అత్యంత వేగవంతుడన్న బిరుదు మాత్రం తనకు సరిగ్గా అతికినట్టు తోస్తుంది. మార్వెల్ పాత్రలు అతన్ని గుర్తుపట్టవు. పాఠకులు మాత్రం క్షణంలో పోల్చుకున్నారు. హక్కుల గీత దాటకుండా, పేరు సరిగా పలకకుండా, ప్రత్యర్థి చంపుకున్న వీరుడికి తన లోకంలో చోటిచ్చి పందెం గెలిపించడం కామిక్స్ చరిత్రలో చాలా అరుదైన మర్యాద.

ఆ కథ రాసింది మార్క్ గ్రూన్‌వాల్డ్. మార్వెల్‌లో సీనియర్ సంపాదకుడైనా డీసీ వీరులంటే అతనికి చిన్నప్పటి ప్రేమ. డీసీ వీరదళానికి మార్వెల్ నీడలాంటి ‘స్క్వాడ్రన్ సుప్రీమ్’ను ‘క్రైసిస్’ వెలువడుతున్న రోజుల్లోనే, 1985–86లో 12 సంచికలుగా రాశాడు. అందులో బ్యాట్‌మ్యాన్‌కు ప్రతిరూపమైన నైట్‌హాక్ చివరి సంచికలో చనిపోతాడు. 1996లో 43 ఏళ్లకే గ్రూన్‌వాల్డ్ మరణించాడు. అతని కోరిక ప్రకారం చితాభస్మాన్ని ఆ కథల సంకలనం మొదటి ముద్రణకు వాడిన సిరాలో కలిపారు.

 

1983లో ఆగిన ఉమ్మడి పుస్తకం 2003–04లో ‘జేఎల్‌ఏ/అవెంజర్స్’గా నాలుగు సంచికల్లో వెలువడింది. కర్ట్ బ్యూసిక్ రచన, బొమ్మలు జార్జ్ పెరెజ్‌వే. కథ ముగింపు దగ్గర రెండు పక్షాల వీరులూ తమ తమ లోకాల్లో జరిగే విషాదాలను, మరణాలను కళ్లారా చూస్తారు. అవన్నీ తెలిసే ఆ లోకాలను యథాస్థితికి తేవడానికి సిద్ధపడతారు. ఈసారి ఎవరి పేరూ దాచాల్సిన పని లేకపోయింది.

తల్లాడ లాంటి ఖమ్మం జిల్లా ఊళ్లకు ఈ వీరులు కామిక్ పుస్తకాల ద్వారా కన్నా తెలుగు డబ్బింగ్ సినిమాల ద్వారానే ఎక్కువగా పరిచయమయ్యారు. 2019లో ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’లో ఐరన్‌మ్యాన్ మరణానికి కంటతడి పెట్టినవాళ్లలో కామిక్ పుస్తకం పట్టుకోనివాళ్లే ఎక్కువ. అలాగే ఈ కాలంలో సంస్థలు బహిరంగంగా సంతాపం చెప్పేది పాత్రలకు కాదు, ఆ పాత్రల వెనకున్న మనుషులకు. 2018 నవంబరులో మార్వెల్ దిగ్గజం స్టాన్ లీ, 2020 ఆగస్టులో బ్లాక్ పాంథర్ నటుడు చాడ్విక్ బోస్‌మన్ కన్నుమూసినప్పుడు డీసీ తన అధికారిక ఖాతా నుంచే నివాళి అర్పించింది. బోస్‌మన్‌కు రాసిన మాటల్లో మార్వెల్ సినిమాలోని వకాండా నినాదాన్ని కూడా చేర్చింది. తీవ్ర అనారోగ్యంతో ఉన్న పెరెజ్ గౌరవార్థం 2022లో ‘జేఎల్‌ఏ/అవెంజర్స్’ను 7,000 ప్రతులు తిరిగి అచ్చువేయడానికి రెండు సంస్థలూ అంగీకరించాయి. కామిక్స్ కళాకారులను ఆదుకునే హీరో ఇనిషియేటివ్ ఆ ప్రతులను వెలువరించింది. పెరెజ్ ఆ ఏడాది మే 6న మరణించారు. 2025లో డెడ్‌పూల్, బ్యాట్‌మ్యాన్ కలిసిన పుస్తకాలతో రెండు సంస్థలూ మళ్లీ ఉమ్మడి ప్రచురణలు ప్రారంభించాయి.