పల్లె బడి, పరాయి జబాన్

పల్లె సర్కారీ బడిలో మన పిల్లలు ఎందుకు వెనకబడతారు? "మీవాళ్లు మదర్సాలకే పంపుతారు కదా" అంటారు చాలామంది. మదర్సాకు వెళ్లేది నూటికి ముగ్గురు నలుగురే అని 2006లోనే సచ్చర్ కమిటీ లెక్క తేల్చింది. అసలు బడి ముఖం చూడనివాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు నూటికి 25 మంది దాకా ఉన్నారనీ చెప్పింది. ఫికర్ పడాల్సింది వీళ్ల గురించి.

ఇందులో జబాన్ మసలా పాతది. నిజాం జమానాలో దఫ్తర్ల భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియాలో పై తాలీమ్ కూడా ఉర్దూలోనే. తెలుగు ఇళ్ల పిల్లలకు అది పరాయి జబాన్. 1930లో జోగిపేటలో తొలిసారి కూడిన ఆంధ్ర మహాసభ వెనక ఆ దర్ద్ ఉంది. 1948 తర్వాత తరాజు తిరగబడింది. ఇంట్లో "అమ్మీ, పానీ" అనే బచ్చా ఇప్పుడు తెలుగు వాచకం ముందు మూగవాడవుతున్నాడు. దూదేకుల ఇళ్లలో మాత్రం మాదరీ జబాన్ తెలుగే. వాళ్లకు ఉర్దూ బడి ఇలాజ్ కాదు. రిజిస్టరులో "ముస్లిం" అన్న ఒక్క ఖానా ఈ ఫరక్ చూపదు.

మాదరీ జబాన్‌లో ప్రాథమిక తాలీమ్‌కు వసతి కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ చెబుతోంది. కానీ 60 మంది లోపు పిల్లలున్న బడికి చట్టం లెక్క ఇద్దరు టీచర్లే. ఐదు తరగతులూ వాళ్లే చూడాలి. ఉర్దూ ఉస్తాద్ ఎక్కణ్ణుంచి వస్తారు?

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఔరతులు. అమ్మీలూ, అబ్బాలూ, వెళ్లి కూర్చోండి. మన పిల్లల ఇంటి జబాన్ ఏది, ఎవరు ఏ తరగతిలో ఆగిపోయారు అని అడగండి. సవాల్ వేయడం మన హక్.