ఏడుకు ఆరు: హాలీ సిక్కా, కల్దారు మారకపు లెక్క

నిజాం రాష్ట్రపు పాత దస్తావేజుల్లో రూపాయల అంకె పక్కన ఒకచోట ‘ఓ.ఎస్.’ అని, మరోచోట ‘బి.జి.’ అని ఉంటుంది. మొదటిది ఉస్మానియా సిక్కా, జనం మాటలో హాలీ. రెండోది బ్రిటిష్ గవర్నమెంటు రూపాయి, జనం మాటలో కల్దారు, అంటే మరమీద అచ్చయినది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చార్మినార్ బొమ్మతో హాలీ కూడా మరమీదే అచ్చయింది గాని, పేరు మాత్రం కల్దారుకే ఉండిపోయింది. 1947 తర్వాతి కాగితాల్లో ‘బి.జి.’ పోయి ‘ఐ.జి.’ వస్తుంది. ఈ రెండక్షరాలు వదిలేసి అంకె ఒక్కటే ఎత్తి రాసుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

ఖాయమైన మారకం 100 కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ. చూడ్డానికి చిక్కుగా ఉన్నా విషయం సులువే: ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. ఈ ఏడు, ఆరు ఎక్కడివి? జవాబు నాణేల బరువులోనే ఉందని నా అభిప్రాయం. కల్దారు బరువు 11.66 గ్రాములు, అందులో వెండి నూటికి 91.67 పాళ్లు. హాలీ బరువు 11.178 గ్రాములు, వెండి నూటికి 81.8 పాళ్లు. అంటే కల్దారులో దాదాపు 10.69 గ్రాముల వెండి, హాలీలో 9.14 గ్రాములు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.169 వస్తుంది. ఏడును ఆరుతో భాగిస్తే 1.167. కంసాలి త్రాసు చెప్పినదీ సర్కారు ఖరారు చేసినదీ ఇంచుమించు ఒకటే.

అయితే ఈ రెండూ ఎల్లకాలం కలిసి నడవలేదు. 1893లో బ్రిటిష్ ఇండియా టంకశాలలు ప్రజలు తెచ్చిన వెండిని నాణేలుగా అచ్చువేసి ఇవ్వడం ఆపేశాయి. దాంతో కల్దారు విలువ అందులోని వెండి విలువను మించింది. హాలీ మాత్రం పడిపోతున్న వెండి ధరతోపాటే జారి, మారకం ఏడు, ఆరుల హద్దు దాటిపోయింది. చార్మినార్ నాణెం పుట్టుక వెనక ఈ అల్లకల్లోలం ఉంది. అచ్చువేయడం సర్కారు చేతికి పూర్తిగా వచ్చాకే రేటు నిలకడకొచ్చింది. కాబట్టి 1890ల నాటి అంకెలను ఏడు, ఆరుల సూత్రంతో మార్చడం పొరపాటు.

బ్రిటిష్ ఇండియా నుంచి నిజాం రాష్ట్రానికి వచ్చేవాడికీ ఇటునుంచి అటు పోయేవాడికీ ఈ రేటు ఒకేలా పనిచేసేది కాదు. బెజవాడ నుంచి వచ్చినవాడు ఒక కల్దారు ఇస్తే 1 రూపాయి 2 అణాల 8 పైసల హాలీ రావాలి. లెక్క సరిగ్గా తెగుతుంది. నల్లగొండ నుంచి వెళ్లేవాడు ఒక హాలీ ఇస్తే 13 అణాల 8 పైసలు, ఆపైన పైసలో ఏడింట నాలుగు వంతులు రావాలి. ఆ నాలుగు వంతులకు నాణెం లేదు. నాణేలు మార్చే షరాబు 13 అణాల 8 పైసలు చేతిలో పెట్టి ఊరుకుంటే, మిగిలింది అతని సంచిలోనే. అలా విడివిడిగా వంద హాలీలు మారితే 4 అణాల 9 పైసలు మిగులుతాయి. మారకానికి అతను తీసుకునే వట్టం దీనికి అదనం. నూర్లలో మార్చుకునే సాహుకారుకు ఈ నష్టం లేదు, ఒకటీ రెండూ మార్చుకునే కూలివాడికే ఉంది. ఖాయమైన రేటు అందరికీ ఒకటే అనే మాటను నేను అందుకే ఒప్పుకోను.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వెండి కరువై 1918లో హైదరాబాదు కాగితపు నోట్లు మొదలుపెట్టింది. ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలున్న నోట్లవి.  

అసలు పరీక్ష 1940లలో వచ్చింది. 1940లో కల్దారులో వెండిని సగానికి దించారు. తర్వాత కొద్దికాలానికే హాలీ కూడా సగం వెండికి దిగింది. అప్పుడు త్రాసు ప్రకారం 100 కల్దార్లకు 104 చిల్లర హాలీలు చాలు. రేటు మాత్రం 116-10-8 దగ్గరే ఉంది. వెండిలోంచి పుట్టిన నిష్పత్తి వెండి పోయాక కూడా సర్కారు మాటమీద, జనం అలవాటుమీద నడిచింది. దాన్ని లోహం విలువగా వివరించే రచనలు ఈ దశాబ్దం దగ్గర ఆగిపోవాలి.

1947 నవంబరు 29న నిజాంకూ భారత ప్రభుత్వానికీ మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ వెంటనే నిజాం ప్రభుత్వం తన రాష్ట్రంలో భారత రూపాయి చెల్లుబాటును నిలిపేస్తూ, విలువైన లోహాల ఎగుమతిని కట్టడి చేస్తూ ఆర్డినెన్సులు తెచ్చింది. రెండు సర్కార్ల తగాదాలో ఇవి పెద్ద ఫిర్యాదులయ్యాయి. అంతవరకూ షరాబు గల్లాపెట్టెలో ఉన్న ప్రశ్న సార్వభౌమాధికారపు ప్రశ్నగా మారింది. 1948 సెప్టెంబరులో భారత ప్రభుత్వం జరిపిన పోలీసు చర్య తర్వాత కూడా హాలీ వెంటనే పోలేదు. 1950 నుంచి రెండు రూపాయలూ పక్కపక్కన నడిచాయి, అదే ఏడుకు ఆరు లెక్కన.

పరిశోధకులకు ఒక మనవి. కల్దారు చెల్లిన కర్నూలు కూలినీ హాలీ చెల్లిన రాయచూరు కూలినీ ఒకే పట్టికలో పెట్టేముందు కాగితం తలకట్టు చూడండి. హాలీ కల్దారుకంటే నూటికి 14.29 తక్కువ, కల్దారు హాలీకంటే నూటికి 16.67 ఎక్కువ. ఈ రెంటిలో ఒకదాని బదులు ఇంకొకటి వాడకండి. కాలం 1956 దాటింది కదా అని ధీమా పడనూవద్దు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడేనాటికి హాలీ పూర్తిగా రద్దు కాలేదు, 1957లో నయాపైసలు వచ్చేనాటికీ కాలేదు. రద్దయింది 1959లో.